అంకెల గడి

సోమవారం పొద్దున, కుర్చీలో కుదురుగా కూర్చోకముందే పేజీలమ్మకు దొంగ దొరికాడు.

దొంగంటే తాళాలు పగలగొట్టే దొంగ కాదు. ఆమె పని వెబ్ పేజీలు కట్టడం. మేడ మీద మూడు గదుల ఆ చిన్న ఆఫీసులో యజమాని మొదలు అందరూ ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక ఆస్పత్రి కోసం ఆమె కట్టిన పేజీల్లో ఎవరు ఏ అక్షరం కదిపినా, ఎవరు కదిపారో, ఎన్ని గంటలకు కదిపారో ఒక పట్టికలో నమోదవుతుంది. రాగానే ఆ పట్టిక తెరిచి కింది నుంచి పైదాకా చదవడం ఆమెకు అలవాటు. లోకంలో అందరికీ పొద్దున్నే టీ పడకపోతే తలనొప్పి, మా ఆవిడకు అనుమానం పడకపోతే తలనొప్పి అని ఆమె భర్త వేళాకోళం చేస్తాడు. ఆయన తాళం వేసి వచ్చిన తలుపును ఆమె వెనక్కి వెళ్లి మరోసారి లాగి చూస్తుంది మరి.

ఆ రోజు పట్టికలో శనివారం మధ్యాహ్నం నాటి మార్పు ఒకటి కనిపించింది. చేసింది మాస్టారు. మారింది ఆయాసం మందు పేజీలో అంకెల గడి.

ఆ మందు తగ్గిస్తూ పోవాల్సిన మందు. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోగి మొదటి రోజు నాలుగు మాత్రలు వేసుకోవాలి, రెండో రోజు మూడు, మూడో రోజు రెండు, నాలుగో రోజు ఒకటి వేసుకుని ఆపెయ్యాలి. ఆ సంగతి చెప్పే పేజీ రెండు భాషల్లో ఉంది. ఒకటి ఆఫీసులో అందరికీ వచ్చిన భాషే. రెండోది కుడి నుంచి ఎడమకు రాసే భాష. ఊరికి అవతలి వైపు ఉండేవాళ్లు మాట్లాడతారు, ఈ మూడు గదుల్లో ఎవరికీ ఒక్క ముక్క రాదు. అందులోకి రాసిపెట్టేది మాస్టారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. ఇంట్లోనే కూర్చుని తన పాస్‌వర్డుతో పేజీలోకి వచ్చి, రాసి వెళ్తుంటారు. మొదట గడిలో 4 - 3 - 2 - 1 అని రాసింది ఆయనే. శనివారం దాన్ని 1 - 2 - 3 - 4 చేసిందీ ఆయనే.

పేజీలమ్మకు ఒళ్లు మండింది. పోయిన వారం ఈ మాస్టారి దగ్గర నుంచి మూడుసార్లు ఒకటే కబురు వచ్చింది. అంకెలు తిరగబడ్డాయి, సరిచేయగలరు, అని. మూడుసార్లూ ఆమె రెండు భాషల పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఇక్కడా నాలుగుతో మొదలు, అక్కడా నాలుగుతోనే మొదలు. చూశానండీ, సరిగానే ఉన్నాయి, అని మూడుసార్లూ మర్యాదగానే జవాబిచ్చింది. ఇప్పుడు ఈయనే దొడ్డిదారిన వచ్చి తిరగేసి పోయారు. తిరగబడ్డాయని మొదట మొరపెట్టుకుని, ఆ తరువాత తిరగెయ్యడం. ఎందుకు? ఏదో ఎత్తు లేకుండా ఎవరైనా ఇలాంటి పని చేస్తారా?

నిజానికి ఆ గడి విషయంలో ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది. పేజీలో ఏముందో ఒక ఫైలు చెబుతుంది, అది తెర మీద ఎలా కనబడాలో స్టైల్ షీట్ అని ఇంకో ఫైలు చెబుతుంది. రంగులు, అక్షరాల సైజు, రాత ఎటు నుంచి ఎటు నడవాలి, అన్నీ అక్కడే. రెండు వారాల కిందట ఆ కుడి నుంచి ఎడమ పేజీలో ఆస్పత్రి ఫోన్ నంబరు ముక్కలు ముక్కలుగా అటుదిటు, ఇటుదటు అయి కనిపించింది. చివరి మూడంకెలు ముందుకొచ్చి కూర్చున్నాయి. ఆమె ఓపిగ్గా చదివి తెలుసుకుంది, ఆ భాషలో కూడా అంకెల్ని ఎడమ నుంచే రాస్తారట. స్టైల్ షీట్‌లో, అంకెలున్న ప్రతి గడీ ఎడమ నుంచి కుడికే నడవాలని ఒకే ఒక్క వరుస రాసింది. చిటికెలో ఫోన్ నంబరు కుదురుకుంది. దాంతోపాటు, మాస్టారు నాలుగుతో మొదలుపెట్టి రాసినా అప్పటిదాకా తెర మీద 1 - 2 - 3 - 4 అని తలకిందులుగా కనిపిస్తున్న మందు గడి కూడా మొదటి భాషలో ఉన్నట్టే 4 - 3 - 2 - 1 అయి కూర్చుంది. యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

అలాంటి గడిని చెడగొడితే ఊరుకుంటుందా? పది గంటలయ్యేసరికి మాస్టారి మార్పును రద్దు చేసి, పాతది పెట్టేసి, యజమాని గదిలోకి వెళ్లి చెప్పింది. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, ఈ ముసలాయనతో ఎప్పుడూ ఇదే గోల అన్నాడు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఒకసారి, వరుసలు ఇరుగ్గా ఉన్నాయని ఒకసారి పేచీ పెట్టాడట. మాట వినలేదన్న ఉక్రోషంతో పేజీ పాడుచేస్తున్నాడు, ఒక కన్నేసి ఉంచమన్నాడు. ఒక కన్నేమిటి, ఆమె రెండు కళ్లూ వేసి కూర్చుంది.

*

మంగళవారం పొద్దున పట్టికలో మళ్లీ మాస్టారే. ఎనిమిదింటికి లోపలికి వచ్చారు, గడిలో అంకెల్ని మళ్లీ 1 - 2 - 3 - 4 చేశారు, బయటికి వెళ్లారు. మరో అక్షరం ముట్టుకోలేదు.

ఇంతకన్నా రుజువేం కావాలి? పేజీలమ్మ ఆ వరుసను పట్టికలోంచి కాగితం మీదికి అచ్చు తీసింది. శనివారం నాటిది కూడా తీసి రెండూ కలిపి పిన్ను కొట్టింది. అంకెల్ని మళ్లీ సరిచేసింది. తరువాత మాస్టారి పాస్‌వర్డు తీసేసింది. ఆ బొత్తాం నొక్కుతున్నప్పుడు, ఇంటి తలుపు మూడోసారి లాగి చూసినప్పుడు కలిగే హాయి కలిగింది ఆమెకు.

పదకొండింటికి ఫోన్ మోగింది. అవతల మాస్టారు. పేజీలోకి వెళ్లలేకపోతున్నానన్నారు. ఆమె, తెలుసండీ, అంది. ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క మాటా వెతుక్కుంటున్నట్టుగా, ఆ మందు అంకెలు తిరగబడి ఉన్నాయమ్మా, జనం వేసుకునే మందు కదా, అన్నారు. రెండు పేజీలూ నా కళ్ల ముందే ఉన్నాయండీ, తేడా లేదు, అని ఆమె అంది. మీరొకసారి మా వాళ్లెవరి చేతనైనా చదివించండి, అన్నారాయన. పని మీద ఉన్నానని చెప్పి ఆమె పెట్టేసింది. మా వాళ్లెవరైనా అంటే ఆయన మనుషులే కదా, ఆయన చెప్పమన్నట్టే చెబుతారని పెదవి విరిచింది కూడా.

సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఈ ముచ్చటంతా భర్తకు చెప్పింది. ఆయన లాగుల జేబులు బయటికి తీసి చూసి మడతపెట్టడం ఆమె పద్ధతి. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు, పాడుచెయ్యాలనుకున్నవాడు ముందుగా మూడుసార్లు ఉత్తరం రాసి మరీ పాడుచేస్తాడా అని. మీకు మనుషుల సంగతి తెలీదులెండి అని ఆమె కొట్టిపారేసింది. కానీ ఆ ప్రశ్న చెప్పులో రాయిలా లోపలే ఉండిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి హెడ్ నర్సు ఫోన్ చేసింది. సోమవారం మధ్యాహ్నం ఇంటికి పంపిన ఒక పెద్దావిడ ఇవాళ తెల్లవారేసరికి ఊపిరాడక మళ్లీ వచ్చి చేరిందట. మొదటి రోజు నాలుగు మాత్రలు పడాల్సిన మనిషి ఒకటే వేసుకుంది, రెండో రోజు రెండు వేసుకుంది. ఎందుకిలా చేశారంటే కూతురు ఫోన్‌లో పేజీ తెరిచి చూపించి, ఇక్కడున్నట్టే వేశామంటోంది. నర్సుకు ఆ భాష రాదు. గడి చూస్తే నాలుగుతోనే మొదలైంది. అంకెలు సరిగానే ఉన్నప్పుడు చుట్టూ ఉన్న రాతలో ఏదో తప్పుందని ఆమె ఉద్దేశం.

యజమాని మొహం మొదట పాలిపోయింది. తరువాత పేజీలమ్మ తెచ్చిచ్చిన రెండు కాగితాలు చూడగానే రంగు తిరిగి వచ్చింది. ఎవరు చేశారో ఇక్కడే రాసి ఉంది కదమ్మా అన్నాడు. మర్నాడు పొద్దున పదింటికి నర్సును, మాస్టారిని ఇద్దరినీ రమ్మన్నాడు.

మాస్టారు పావుగంట ముందే వచ్చారు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయించి, విడవకుండానే లోపలికి వచ్చారు. పేజీలమ్మ ఆయన్ని ఎదురుగా చూడడం అదే మొదటిసారి. ఇన్ని ఎత్తులు వేసే మనిషి ఇంత సన్నగా ఉంటాడనుకోలేదు. బల్లకు ఆ పక్క హెడ్ నర్సు, ఈ పక్క ఆయన, గోడకున్న పెద్ద తెర మీద ఆ పేజీ.

యజమాని కాగితాలు ముందుకు జరిపాడు.

"మార్చారా, మార్చలేదా? ఒక్క మాటలో చెప్పండి."

"మార్చాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. తిరగబడి ఉంది కాబట్టి మార్చాను. అంతకుముందు మూడుసార్లు రాశాను కూడా." మాస్టారు నర్సు వైపు తిరిగారు. "ఆ పెద్దావిడ మా వీధి మనిషేనండీ. నిన్న వాళ్లమ్మాయి మా గుమ్మంలో నిలబడి, మా అమ్మకెందుకిలా చేశారని అందరి ముందూ అడిగింది. నేను రాసిందని నమ్మే వేశారు వాళ్లు. ముప్ఫయ్యేళ్లు వాళ్ల పిల్లలకు చదువు చెప్పాను. ఇప్పుడు నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు."

తిరగబడిందనడానికి రుజువేమిటని యజమాని అడిగాడు. మాస్టారు లేచి తెర దగ్గరికి వెళ్లారు. మేం చదివేది ఇటు నుంచి అంటూ, గడికి కుడి చివర వేలు పెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క అంకె మీదుగా ఎడమకు జరుపుతూ చదివారు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

పేజీలమ్మ చూపు ఆ వేలి మీదే ఉంది. అది మూడు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు సంగతి తట్టింది. నూట ఇరవై అని రాయాల్సి వస్తే ఎవరైనా ఎడమ నుంచే రాస్తారు, ఎందుకంటే అది ఒకటే సంఖ్య. ఫోన్ నంబరు కూడా అలాంటిదే. కానీ ఇవి నాలుగు వేర్వేరు అంకెలు, పక్కపక్కన పెట్టిన నాలుగు మాటల్లాంటివి. మాటలు ఎటు నుంచి నడిస్తే ఇవీ అటు నుంచే నడవాలి. మొదట్లో తలకిందులుగా ఉందని ఆమె అనుకున్న వరుసే సరైనది. ఆమె సరిచేసిందే తప్పు. ఆ పేజీ చదివే ఒక్క మనిషినైనా, మీరెటు నుంచి చదువుతారని ఆమె అడగలేదు. మాస్టారు దిద్దారు, ఆమె రెండుసార్లూ చెరిపేసింది. సోమవారం పదింటికి ఆమె చెరిపిన తరువాత, మధ్యాహ్నం ఆ కూతురు పేజీ తెరిచింది.

యజమాని నవ్వుతున్నాడు. అక్కడ నాలుగు మొదట కనిపిస్తుంటే ఈయన ఒకటి అంటున్నాడు చూశారా, అంటున్నాడు నర్సుతో. అక్షరాలు కుడి నుంచి అయితే కావచ్చు, అంకెలు ఏ భాషలోనైనా ఎడమ నుంచే, మా అమ్మాయి అంతా చదివే చేసింది అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు.

"అంకెలు ఎడమ నుంచే కదా? నువ్వే చెప్పమ్మా."

కాదు అనాలి. రెండక్షరాలు. అంటే ఆ రెండు కాగితాలూ తిరిగి ఆమె మెడకే చుట్టుకుంటాయి. నర్సు ఎదురుగా ఉంది, ఆస్పత్రి మంచమ్మీద ఒక పెద్దావిడ ఊపిరి కోసం ఎగపోస్తోంది.

"అవును సార్," అంది పేజీలమ్మ.

మాస్టారు ఆమె వైపు ఒక్కసారి చూశారు. ఇంకేదో అంటారనుకుంది. ఆయన ఏమీ అనలేదు. గుడ్డసంచి తీసుకుని, నర్సుకు నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఇకమీదట ఆయనతో పని లేదని యజమాని నర్సుకు అక్కడికక్కడే మాటిచ్చాడు.

*

నర్సు వెళ్లగానే పేజీలమ్మ చేసిన మొదటి పని, స్టైల్ షీట్ తెరిచి ఆ వరుసను ఫోన్ నంబరుకు మాత్రమే పరిమితం చేయడం. అర నిమిషం పట్టింది. మందు గడి కుడి నుంచి నడవడం మొదలుపెట్టింది. తెర మీద 1 - 2 - 3 - 4 అని కనిపిస్తుంటే, ఆమె కుడి చివర వేలు పెట్టి తనలో తానే చదువుకుంది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఇక ఎవరికీ హాని లేదు. పట్టికలో ఆ మార్పు ఆమె పేరుతోనే నమోదైంది కానీ, ఆ పట్టిక చదివేది ఆఫీసులో ఆమె ఒక్కతే.

పేజీ బాగుపడితే మనసు కుదుటపడుతుందనుకుంది. శుక్రవారం దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. ఆ కూతురు మళ్లీ పేజీ తెరిచి చూసి, ఇప్పుడు సరిగా ఉందని చెప్పిందని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. యజమాని గదిలోంచి ఉత్సాహంగా బయటికి వచ్చాడు. చూశారా, ఆ ముసలాయన చెయ్యి తీసేసిన మర్నాటికల్లా పేజీ బాగుపడింది, ఇక రుజువులు వేరే కావాలా అన్నాడు. అదే మాట ఉత్తరంగా రాసి, తప్పు చేసిన అనువాదకుణ్ణి తొలగించాక పేజీ సరైందని ఆస్పత్రికి పంపమని ఆమెకే ఇచ్చాడు.

తాను గుట్టుగా దిద్దిన దిద్దుబాటే మాస్టారి మీద ఆఖరి సాక్ష్యమైంది. ఎవరి మీదైనా కన్నేయగలిగిన మనిషి, తన మీద తాను ఒక్కసారి కూడా కన్నేసుకోలేదు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఆ ఉత్తరం పంపలేదు. ఇంటికి వెళ్లి, భర్త ఎదురుగా కూర్చుని, ఆ అవునుతో సహా అంతా చెప్పింది. పోలీసమ్మా అని ఎప్పుడూ ఆటపట్టించే మనిషి ఆ సాయంత్రం ఆ మాట అనలేదు. టీ పెట్టి తెచ్చి చేతికిచ్చి, ఇప్పుడేం చేస్తావని మాత్రం అడిగాడు.

శనివారం పొద్దున ఆమె తన ఉత్తరం తాను రాసుకుంది. ఏ రోజు ఏ వరుస రాసిందీ, మాస్టారు ఎన్నిసార్లు చెప్పిందీ, ఆయన దిద్దిన అంకెల్ని తాను ఎన్ని గంటలకు చెరిపిందీ, పట్టికలో ఉన్నది ఉన్నట్టు. ఒకటి ఆస్పత్రికి, ఒకటి యజమానికి పంపింది. యజమాని అయిదు నిమిషాల్లో ఫోన్ చేసి, నీ గొయ్యి నువ్వు తవ్వుకున్నావు సరే, అందులోకి నన్ను కూడా ఎందుకు లాగావు అన్నాడు. సోమవారం మాట్లాడదామన్నాడు. ఏం మాట్లాడతాడో ఆమెకు తెలుసు. అయినా సంచి భుజాన వేసుకుని ఊరి అవతలికి బయలుదేరింది.

మాస్టారి ఇల్లు వీధి మలుపులో, మేడ కింది వాటా. తలుపు ఆయనే తీశారు. కూర్చోమన్నారు, మంచినీళ్లిచ్చారు. ఆమె చేతిలోని ఉత్తరం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి మొత్తం చదివారు, మడిచి బల్ల మీద పెట్టారు. క్షమించమని అడగడానికి ఆమె మాటలు వెతుక్కుంటుండగా ఆయనే అన్నారు:

"ఆ రోజు నేను చదువుతున్నప్పుడు మీరు నా వేలినే చూస్తున్నారు. మూడు దగ్గరికొచ్చేసరికి మీకు అర్థమైపోయింది. పిల్లలకు పాఠం ఎప్పుడు ఎక్కుతుందో మొహంలో తెలుస్తుందమ్మా నాకు. అందుకే ఇంకేం మాట్లాడలేదు. ఈవిడకు తెలిసింది కదా, ఈవిడే చెబుతుందిలే అనుకుని లేచి వచ్చేశాను."

పేజీలమ్మ తల వంచుకుంది. తాను ఎవరినీ నమ్మని రోజుల్లో ఈయన తనను నమ్మి మెట్లు దిగారు. రెండు రోజులు ఈ గదిలో కూర్చుని ఎదురుచూశారు. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

ఆయన కంగారుపడి, పెద్దావిడకు నయంగానే ఉంది, సోమవారం ఇంటికి పంపుతారట, అన్నారు. కాకపోతే ఈ ఉత్తరం మా వీధిలో ఎవరూ చదవలేరు కదా అన్నారు. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. మీ భాషలో మీరే రాయండి, ఆస్పత్రి పేజీలో అన్నిటికన్నా పైన పెడతాను, అంది. ఆయన కాగితం తీసుకుని కుడి నుంచి మొదలుపెట్టి ఏడెనిమిది వరుసలు నింపారు. ఇందులో ఏం రాశానో చెప్పమంటారా అని అడిగారు. వద్దండీ అంది ఆమె.

ఇంటికి వచ్చి, ఆయన దాన్నే టైపు చేసి పంపిన ఫైలు తెరిచింది. అలవాటు కొద్దీ చెయ్యి సరిచూసుకోవడానికి పోయింది. వెనక్కి లాక్కుని, ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది. హెడ్ నర్సుకు చెప్పి ఒప్పించింది కూడా.

ఆదివారం పొద్దున భర్తే ఉండబట్టలేక తన ఫోన్‌లో ఆ ప్రకటనను తమ భాషలోకి మార్చుకుని చదివాడు. ఆమె కూరగాయలు తరుగుతోంది.

"పేజీ కట్టడంలో పొరపాటు వల్ల అంకెలు తిరగబడ్డాయట," అన్నాడు. "కట్టినావిడే ఆ పొరపాటు కనిపెట్టి, సరిచేసి, తానే ముందుకొచ్చి అందరికీ చెప్పిందట. ఆవిడ చెప్పింది కాబట్టే ఈ రోజు నిజం బయటపడిందట. అంతే."

"నేను అవునన్న సంగతి?"

"లేదు."

"రెండు రోజులు ఆగిన సంగతి?"

ఆయన మళ్లీ పైనుంచి కిందిదాకా చదివాడు. లేదన్నాడు.

పేజీలమ్మ కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకుంది. ఆ వీధిలో ఈ పొద్దున అందరూ తనను మంచిదాన్ని అనుకుంటూ ఉంటారు. ఆ ప్రకటనలో ఇంకొక్క వాక్యం పడాలి. కానీ దాన్ని రాయడం ఆమెకు చేతకాదు. ఆ వాక్యాన్ని ఆ భాషలో ఆమె కోసం రాయగలిగిన మనిషి ఆమెకు తెలిసినంతలో ఒక్కరే ఉన్నారు. ఫోన్ తీసుకుని మాస్టారి నంబరు నొక్కింది. ఆయన పలికాక, అంతా రాసివ్వండి మాస్టారూ, నేను అవునన్నది కూడా రాసివ్వండి, అంది.